పేరు పెట్టి పిలిచే సందు

మోత్కూర్ దిక్కు ఎవల్నడిగినా చెప్తరు. పొద్దుగూకినంక ఎర్రబండ గుట్ట ఎనుక సందులకెళ్లి పోవద్దని.

రెండు బండలు. ఒక్కోటి రెండంతస్తుల ఇల్లంత ఉంటది. రెండూ తలకాయలు ఆనించుకొని నిలబడ్డయి. నడుమల ఒక్క మనిషి పట్టేంత తొవ్వ. చీకటి పడ్డంక ఆ తొవ్వల... పేరు పెట్టి పిలుస్తదంట.

పలకొద్దు. పలికితే మూడు దినాలు జరం. ఊర్ల ఒకాయన ఒకసారి "ఓ" అన్నడంట. గప్పట్నుంచి పెండ్లాం పిలిచినా పలుకుతలేడు. అది సుత సందు మహిమే అంటడు.

నేను నవ్వేటోణ్ని — మా బడి వాచ్‌మన్ రాంచందర్ ఈ ముచ్చట చెప్పేదాక.

మాది ఆడపిల్లల గురుకులం. నేను లెక్కల సార్ని. సైన్సు చెప్పే గ్లోరీ టీచర్‌ది కట్టంగూర్. గొంతు గట్టిది. ఆమె ఎనిమిదో తరగతిల పాఠం చెప్తే, పక్క రూముల పదో తరగతోళ్లు సుత నోట్సు రాసుకుంటరు.

పోయిన చలికాలం ఆమెకొక ఆలోచన వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలు నలభై మందిని గుట్ట చుట్టు నడిపియ్యాలె. నాలుగింటికి బయలెల్లుడు, గుట్ట మీద పొద్దుగూకుడు చూసుడు, ఎనుక దిగి, చుక్కలు చూసుకుంట బడికొచ్చుడు. ఆరు కిలోమీటర్లు. చార్టు మీద గుట్ట బొమ్మ గీసింది. యాడ నీళ్లు తాగాలె, యాడ బిస్కెట్లు పంచాలె, యాడ తలకాయలు లెక్కపెట్టాలె — అన్నీ రంగు పెన్సిళ్లతోని. పిల్లలు రోజూ ఆ చార్టు ముంగట నిలబడి, వరుసల ఎవరు ముందు, ఎవరు ఎనుక అని కొట్లాడుకునేటోళ్లు. వాళ్లల్ల సగం మంది బడి గేటు దాటేది పండుగ సెలవులకే.

గాని ఎనుక దిగేటందుకు తొవ్వ ఒక్కటే. సందులకెళ్లే.

ప్రిన్సిపాల్ సుగుణమ్మ మేడం చార్టు మొత్తం చూసి, వేలు తీస్కపోయి సందు మీదనే పెట్టింది.

"ముగ్గురు తల్లులు ఫోన్ చేసిండ్రు గ్లోరీ. ముందుగాల నువ్వు పొద్దుగూకినంక నడిచి రా. జర భయమైందన్నా సరే, ఒక్క పిల్లను గేటు దాటనియ్య."

"నాకేం భయం మేడం?"

టీచర్ చార్టు చుట్టి సంకల పెట్టుకొని బయలెల్లింది. తోడుకు రాంచందర్‌ను పంపిండ్రు. నీకేమన్న భయమా అని ఆయన్ని మాత్రం ఎవరూ అడగలే.

గుట్ట ఎక్కినంతసేపు బాగనే ఉన్నది. పైన నిలబడి పొద్దు గూకుడు చూసిండ్రు. దిగుతుంటే చీకటి పడ్డది. ఫోన్ల సిగ్నల్ పోయింది. చెట్ల మీద పిట్టల సప్పుడు సుత ఆగింది. టీచర్ ఫోన్ లైటు ముంగటికి పట్టింది... బండలు కనవడ్డయి.

"టీచర్," రాంచందర్ మెల్లగ అన్నడు. "పిలిస్తే పలకొద్దు."

"ఎవరు పిలుస్తరు?"

"గదే తెల్వదు కదా..."

లోపటికి పోయిండ్రు. ముందు టీచర్, ఎనుక రాంచందర్. గబ్బిలాల వాసన. చెయ్యి ఆనిస్తే బండ ఇంకా ఎచ్చగనే ఉన్నది... మనిషి ఒంటి తీరు. పది అడుగులు ఏసిండ్రు. పదకొండోది —

"గ్లో... రీ..."

గీడిదాక చెప్పి రాంచందర్ ఆగిండు. "అబద్ధమెందుకు సార్," అన్నడు నాతోని, "ముందుగాల నాకు పానం నిమ్మళమైంది. నా పేరు కాదు కదా."

"టీచర్... మిమ్ములనే," అన్నడంట ఆమె ఎనుకకెళ్లి.

"ఇనవడ్డది," అన్నదామె. ఆమె అంత మెల్లగ మాట్లాడుడు రాంచందర్ గప్పుడే చూసిండు.

"గ్లోరీ... రా బిడ్డా... యాడున్నవే..."

పైకెళ్లా, ఎనుకకెళ్లా? ఒక్క గొంతు నాలుగు దిక్కులకెళ్లి వస్తాంది. టీచర్ లైటు పైకి, కిందికి తిప్పింది. రాంచందర్ ఆమె బ్యాగు పట్టుకొని ఎనుకకు గుంజిండు.

"పోదాం టీచర్... మీకు దండం పెడ్త."

ఆమె కదల్లే. బ్యాగు ఇడిపిచ్చుకొని అన్నది — "గిప్పుడు ఎనుకకు పోతే, రేపు పిల్లలకు ఏం చెప్పాలె?"

ఒక అడుగు ముంగటికేసింది. ఇంకొకటి.

ఆ గొంతుకు కోపమొచ్చింది. "దొరుకు నువ్వు... నీ కాళ్లిరగ్గొడ్త!"

గప్పుడు — కిందికి ఏలాడుతున్న టీచర్ ఎడమ చేతికి ఏదో తాకింది. ఎచ్చగ... తడితడిగ... మెల్లగ అరచెయ్యి నాకింది.

టీచర్ అరిచింది. గుట్ట సుత అరిచింది. గబ్బిలాలన్నీ ఒక్కసారి లేచినయి. రాంచందర్ బండను బల్లి లెక్క కరుచుకున్నడు.

అవతలి దిక్కుకెళ్లి టార్చిలైటు పడ్డది. గొంగడి కప్పుకున్న ముసలాయన. చేతిల కట్టె.

"దొరికినవా దొంగమొఖందానా!" అని ఉరికొచ్చి, టీచర్‌ను చూసి ఆగిండు. "అయ్యో, నిన్ను గాదు బిడ్డా. దీన్ని."

టీచర్ కాళ్ల కాడ ఒక నల్లమేక. కింద పడ్డ చార్టు మూలను నములుతాంది. సరిగ్గ బిస్కెట్లు పంచే జాగా దాని నోట్ల ఉన్నది.

ఆయన పేరు దుర్గయ్య. గుట్ట కింద మేకలు కాస్తడు.

"గంట తెంపుకొని తిరుగుతాంది. బండలు ఎచ్చగుంటయని గీ సందుల వచ్చి దాస్కుంటది. ఎన్ని పిలిచినా పలుకదు."

"దీని పేరు... గ్లోరీయా?" టీచర్ అడిగింది.

"నా మేకలకన్నిటికీ మనుషుల పేర్లే. నచ్చనోళ్ల పేర్లు పెడ్త. తిట్టుకోవాలంటే అల్కగుంటది." ముసలాయన కడుపార నవ్విండు. "ముప్పై ఏండ్ల సంది గిట్లనే పిలుస్తున్న. ఎంతమంది ఉరికిండ్రో! గీ పేరు మాత్రం మా మనుమరాలు కోమల పెట్టింది. గురుకులంల ఎనిమిది చదువుతది. ఆడ ఒక టీచరమ్మ ఉన్నదంట. పొద్దంత అరుస్తనే ఉంటదంట."

మేక "మే..." అన్నది.

"సూడు! గొంతు సుత గట్లనే ఉంటదంట." దాని మెడకు తాడేసుకుంట అన్నడు — "గాని ఒక్క మాట. గిది ముంగట నడిస్తేనే మంద కదుల్తది. గా టీచరు సుత గంతేనంట. ఆమె ముంగటుంటే యాడికన్న పోతమంటది పిల్ల."

టీచర్ మేక నోట్లకెళ్లి చార్టును మెల్లగ గుంజుకున్నది. ముసలాయన టార్చి జర పైకి ఎత్తిండు.

"ఇంతకు నీ పేరేంది బిడ్డా?"

రాంచందర్ నోరు తెరిచిండు. ఆయన కాలు మీద టీచర్ చెప్పు పడ్డది.

"శ్రీవాణి," అన్నది గ్లోరీ టీచర్.

తెల్లారి పోయి "భయమేం లేదు మేడం" అని చెప్పింది. శనివారం నాడు నలభై మంది వరుసగ గేటు దాటిండ్రు. గుట్ట ఎక్కిండ్రు, పొద్దు గూకుడు చూసిండ్రు, సప్పుడు చెయ్యకుంట దిగిండ్రు. సందు కాడ దుర్గయ్య ముందే వచ్చి టార్చి పట్టుకొని నిలబడ్డడు. మేకను పక్కన కట్టేసిండు.

"రా శ్రీవాణమ్మా, రా! పిల్లలు పైలం."

పిల్లలు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. వరుసలకెళ్లి కోమల ముంగటికి ఉరికొచ్చింది.

"తాతా! ఆమె..."

ఆగిపోయింది. మేక దిక్కు చూసింది. టీచర్ దిక్కు చూసింది. టీచర్ కనుబొమ్మలు ఎగరేసి, క్లాసుల ప్రశ్న అడిగినట్టు, జవాబు కోసం ఎదురు చూస్తాంది.

కోమల మళ్ల తాత దిక్కు తిరిగింది.

"ఆమె మా శ్రీవాణి టీచరే, తాతా."