తాతయ్య పెన్నులో నల్ల ఇంకు

శనివారం మధ్యాహ్నం గిలక్కాయ స్కూలు నుంచి వచ్చేసరికి కబుర్లు వినడానికి ఇంట్లో ఎవరూ దొరకలేదు. అమ్మ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. తాతయ్య వాలు కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

గిలక్కాయకి అసలు పేరు ఒకటుంది. స్కూలు రిజిస్టరులో తప్ప దాన్ని ఎవరూ వాడరు. నిద్ర లేచింది మొదలు గలగలా మాట్లాడుతూనే ఉంటుందని చిన్నప్పుడు తాతయ్య ఈ పేరు పెట్టాడు. పదేళ్లు నిండినా ఆ పేరూ వదల్లేదు, ఆ మాటలూ తగ్గలేదు.

అందంగా రాయడం నేర్పే మాస్టారు ఆ రోజు క్లాసులో కొత్తరకం పెన్నులు ఇచ్చారు. చూడ్డానికి పుల్లకి పాళీ గుచ్చినట్టున్నాయి, అంతే. లోపల ఇంకు ఉండదు. సీసాలో ముంచాలి, నాలుగు అక్షరాలు రాయాలి, మళ్లీ ముంచాలి. ఆ సీసాలోని నల్ల ఇంకు గిలక్కాయకి తెగ నచ్చేసింది. కాగితం మీద ఆరిపోయాక కూడా నిగనిగలాడుతోంది.

మాస్టారు ఆ ఇంకు గురించి ఏదో జాగ్రత్త చెప్పారు. సరిగ్గా అప్పుడే గిలక్కాయ పక్కనున్న పిల్లకి, తమ ఇంటి పిల్లి బీరువా ఎక్కి దిగలేకపోయిన కథ చెబుతోంది. కథ బాగా రసపట్టులో ఉంది. మాస్టారి మాటలు సగం ఈ చెవిలోకి రాలేదు, సగం ఆ చెవిలోంచి పోయాయి.

ఇంట్లో సాధన చెయ్యమని పెన్నూ సీసా ఇచ్చి పంపారు. వాటిని తాతయ్య బల్ల మీద పెట్టబోతుంటే, ఆయన ఫౌంటెన్ పెన్ను కనిపించింది.

ఆ పెన్ను తాతయ్యకి వాళ్లక్క ఇచ్చింది, ఆయన పదో తరగతి పాసైనప్పుడు. ఆయన ఆవిణ్ణి అక్కయ్య అంటాడు కాబట్టి ఇంట్లో మిగతావాళ్లు అక్కయ్యమ్మ అంటారు. అక్కయ్యమ్మ వేరే ఊళ్లో ఉంటుంది. చెవులు అసలు వినపడవు కాబట్టి ఫోను పనికిరాదు. అందుకే తాతయ్య ప్రతి ఆదివారం ఉత్తరం రాస్తాడు. పదకొండేళ్లలో ఒక్క వారం తప్పలేదు. బాల్ పెన్ను నొక్కి రాయాలంటే ఆయన వేళ్లు నొప్పి పుడతాయి. ఈ పెన్ను మాత్రం దానంతటదే జారుతుంది.

క్రితం వారం అక్కయ్యమ్మ దగ్గర్నుంచి వచ్చిన జవాబుని గిలక్కాయే పైకి చదివింది. "ఒరేయ్ తమ్ముడూ, ఈమధ్య నీ అక్షరాలు మరీ పలచబడ్డాయిరా. భూతద్దం పెట్టినా సగమే కనిపిస్తున్నాయి" అని ఉంది.

గిలక్కాయ నల్ల ఇంకు వైపు చూసింది. పెన్ను వైపు చూసింది. తాతయ్యని లేపి అడగొచ్చు. కానీ అడిగితే ఇంక ఆశ్చర్యం ఏముంటుంది?

పెన్ను మర తిప్పి, లోపలున్న నీలం ఇంకుని సింకులో ఒంపేసింది. ఫిల్లర్‌తో నల్ల ఇంకు నిండా పోసింది. పాత పేపరు అంచు మీద "అక్కయ్యమ్మ" అని రాసింది. అబ్బ, ఎంత బాగుందో! రెండోసారి రాసింది. మూడోసారికి అక్షరం మధ్యలో గీత తెగిపోయింది. నాలుగోసారి పాళీ కాగితాన్ని గీకింది తప్ప ఏమీ పడలేదు.

విదిలించింది. నేల మీద ఒక్క చుక్క పడింది, అంతే. చుక్కని తుడిచేసి, పెన్నుకి మూత పెట్టి, ఎక్కడున్నదాన్ని అక్కడే పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇల్లు వింతగా నిశ్శబ్దంగా ఉంది.

"ఏమ్మా, గిలక్కాయలో గింజలు అయిపోయాయా?" అంది అమ్మ.

"నిద్రొస్తోంది."

"ఆరింటికా?" అంటూ అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. గిలక్కాయ చెప్పేద్దామని రెండుసార్లు తాతయ్య దగ్గరికి వెళ్లింది. రెండుసార్లూ మంచినీళ్లు తాగి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే తాతయ్య కళ్లద్దాలు తుడుచుకుని, ప్యాడ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "అక్కయ్యకి" అని రాయబోయాడు. పాళీ గీకింది. ఇంకోలా పట్టుకున్నాడు. కాగితం తిప్పి చూశాడు. వేళ్లు విరుచుకుని మళ్లీ ప్రయత్నించాడు. కాగితం తెల్లగానే ఉంది.

గిలక్కాయ తలుపు పక్కనుంచి చూస్తోంది.

తాతయ్య పెన్ను కింద పెట్టి తన చేతుల్ని చూసుకున్నాడు. "ఇదెప్పుడూ మొరాయించలేదే" అన్నాడు మెల్లగా. "నా చెయ్యే పట్టు తప్పుతున్నట్టుంది. అక్షరాలు పలచబడుతున్నాయని అక్కయ్య అననే అంది. ఇంక ఉత్తరాలు మానేయాలేమో."

గిలక్కాయకి ఏడుపు తన్నుకొచ్చింది. తిట్టినా బాగుండేది. చెయ్యని తప్పుని తాతయ్య తన చేతి మీద వేసుకుంటుంటే చూడలేకపోయింది.

"నీ చెయ్యి కాదు తాతయ్యా! నేనే! నేనే పోశాను!"

ఒకసారి మొదలయ్యాక మాటలు ఆగలేదు. సీసా, ఫిల్లర్, తుడిచేసిన చుక్క, మంచినీళ్లు, అన్నీ బయటికి వచ్చేశాయి. తాతయ్య అంతా విన్నాడు. ముందు కోపం వచ్చింది, ఆయన కనుబొమలు చూస్తే తెలిసింది. తర్వాత సీసా అందుకున్నాడు.

"నిన్ననే చెప్పొద్దూ, తల్లీ!" అన్నాడు. "చెప్పులేసుకో. పెన్నుల డాక్టరు మధ్యాహ్నం దాకానే ఉంటాడు."

పెన్నుల డాక్టరు కొట్టు ఒక పాత మేడ మెట్ల కింద ఉంది. ఆయన లోపల కూర్చుంటే ఇంకొకరు నిలబడే చోటు లేదు. గోడ నిండా పాళీల డబ్బాలు, బల్ల మీద ఒక గాజుపలక, దాని మీద వరసగా రంగురంగుల ఇంకు చుక్కలు ఉన్నాయి.

ఆయన సీసా మూత తీసి వాసన చూశాడు. "ముంచి రాసే ఇంకు" అన్నాడు. "ఎప్పుడు పోశారు?"

"నిన్న మధ్యాహ్నం" అంది గిలక్కాయ. "నేనే పోశానండీ."

"పిన్నుతో గెలికావా?"

"లేదండీ."

"వేణ్ణీళ్లు పోశావా?"

"లేదు. మూత పెట్టేశానంతే."

"బతికించావు పాపా. వేణ్ణీళ్లకి పాత పెన్ను వంకర పోతుంది" అంటూ గాజుపలక ముందుకు జరిపాడు. "ఇవి మొన్న వేసిన చుక్కలు. వేలు తడి చేసుకుని ఈ నీలం చుక్క రుద్దు."

రుద్దగానే నీలం కరిగి వేలికంటింది.

"ఇప్పుడీ నల్లది."

గిలక్కాయ ఎంత రుద్దినా అది కదల్లేదు. గోరుతో గీరితే పెచ్చులా లేచింది.

"చూశావా? ఇందులో లక్క కలుస్తుంది. ఆరితే తోలు కట్టేస్తుంది. ముంచి రాసే పాళీకైతే పర్లేదు, రాయగానే కడిగి తుడిచేస్తాం. ఫౌంటెన్ పెన్నులో ఇంకు వెంట్రుకంత సందులోంచి రావాలి. అక్కడ తోలు కడితే ఇంకేముంది?"

మాస్టారు చెప్పింది ఇదేనని గిలక్కాయకి అప్పుడు అర్థమైంది. బీరువా మీది పిల్లి మీద చాలా కోపం వచ్చింది.

పెన్నుల డాక్టరు పెన్నుని ముక్కలుగా విప్పాడు. గిన్నెలో చల్లని నీళ్లు పోసి, ఘాటు వాసన వేసే మందు నాలుగు చుక్కలు కలిపాడు. పాళీని నానబెట్టాడు. తాతయ్య బయట మెట్టు మీద కూర్చున్నాడు. గిలక్కాయ ఆయన పక్కనే కూర్చుని గిన్నెనే చూస్తూ ఉంది.

అరగంట తర్వాత డాక్టరు చిన్న రబ్బరు బుడ్డితో పాళీ వెనకనుంచి నీళ్లు కొట్టాడు. నల్లగా వచ్చాయి. మళ్లీ కొట్టాడు. బూడిద రంగులో వచ్చాయి. ఆ తర్వాత అసలు రాలేదు. ఆయన పెదాలు బిగించి గట్టిగా నొక్కాడు. తెల్లగిన్నెలో చీమ రెక్కంత నల్ల పెచ్చు ఒకటి ఊడిపడింది. దాని వెనకే నీళ్లు ధారగా వచ్చాయి.

"వచ్చేసింది!" కొట్టులోకి తల దూర్చి చూస్తున్న గిలక్కాయ గెంతబోయి మెట్ల అడుగుకి తల కొట్టుకుంది.

"ఇంకో నెల దాచుంటే, దణ్ణం పెట్టి వెనక్కి పంపేవాణ్ణి" అన్నాడు డాక్టరు. తర్వాత తాతయ్య వైపు తిరిగాడు. "సార్, అక్షరాలు పలచబడటం మాత్రం పాప పని కాదు. మీ నీలం ఇంకులో ఏమైనా కలుపుతున్నారా?"

తాతయ్య ఎదురుగా ఉన్న గోడని శ్రద్ధగా చూశాడు.

"సీసా అడుగుకొచ్చిందని... నీళ్లు... రెండు చుక్కలు."

"రెండేనా తాతయ్యా?"

"సరే, రెండు చెంచాలు."

ముగ్గురూ నవ్వారు. డాక్టరు అర లోంచి ఇంకో నల్ల ఇంకు సీసా తీశాడు. దాని మీద ఫౌంటెన్ పెన్ను బొమ్మ ఉంది. "ఇది చిక్కగా ఉంటుంది, నీళ్లలో కరుగుతుంది. సీసా మీద ఈ బొమ్మ లేనిది పెన్నులో పొయ్యకండి. నీళ్లూ పొయ్యకండి, సార్."

మధ్యాహ్నం తాతయ్య ఉత్తరం రాశాడు. పెన్ను ఎప్పటిలాగే జారింది. చివర నాలుగు లైన్ల చోటు వదిలి, "నీకేమైనా రాయాలనుందా?" అన్నాడు.

గిలక్కాయ తన ముంచి రాసే పెన్ను తెచ్చుకుంది. నల్ల ఇంకులో ముంచి, జరిగిందంతా నాలుగు లైన్లలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. రాయగానే పాళీ కడిగి, గుడ్డతో తుడిచి, అప్పుడు లేచింది.

వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, ఈసారి భూతద్దం అవసరం రాలేదు. గిలక్కాయా, నీ నాలుగు లైన్లు కళ్లద్దాలు కూడా లేకుండా చదివాను. తమ తప్పుని ఇంత నల్లటి అక్షరాలతో రాసినవాళ్లని నేనింతవరకూ చూళ్లేదు. ఇంక ప్రతి వారం రాయి. పిల్లి కబుర్లైనా సరే."

ఆ ఆదివారం గిలక్కాయ పిల్లి కథ మొదలుపెట్టింది. తాతయ్య మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లాడు. పాళీ ఎక్కువ ముంచిందేమో, పెద్ద నల్ల చుక్క ఒకటి జారి, సరిగ్గా తాతయ్య సంతకం పక్కన పడింది. గిలక్కాయ మోచెయ్యి దానంతటదే దాని మీదికి జరగబోయింది.

ఆగింది. చుక్క ఇంకా తడిగా మెరుస్తోంది.

"తాతయ్యా! నీ ఉత్తరం మీద మరక పడేశాను, తొందరగా రా! ఇంకా ఆరలేదు!"

తాతయ్య బ్లాటింగ్ పేపరు పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు. ఇద్దరూ కలిసి అద్దారు. మరక పూర్తిగా పోలేదు గానీ, వేలి గోరంతే మిగిలింది. గిలక్కాయ దానికి తోకా, రెండు చెవులూ గీసి, పిల్లి కథ అక్కణ్ణుంచి కొనసాగించింది.