పద్నాలుగో ప్రశ్నకు అవును

"ఎన్. నవనీత్ అంటే ఎవరండి?"

తల ఎత్తాను. ఒక చేతిలో తడిసిన గొడుగు, మరో చేతిలో మా ట్రస్టు పంపిన తిరస్కరణ ఉత్తరం పట్టుకుని ఒక అమ్మాయి నా టేబుల్ ముందు నిలబడి ఉంది. గొడుగు నీళ్లన్నీ నా ఫైళ్ల మీదే పడుతున్నాయి. కావాలనే అలా పట్టుకుందని నాకు గట్టి అనుమానం.

"నేనేనండి. మీరు?"

"ఎస్. చరిత. ముత్తియాల్‌పేటలో అవ్వలకు మధ్యాహ్నం అన్నం పెట్టే కూటం మాది. మూడు నెలలు కూర్చోని రాసిన అప్లికేషన్ అది. మీరు ఎంతసేపు చదివినారు?"

నిజం చెప్పాలంటే పదకొండు నిమిషాలు.

"మొత్తం చదివినానండి" అన్నాను.

బజారులో మా పెద్దనాయన పట్టాభి గారి పాత్రల అంగడి పైనే మా ఆఫీసు. వాళ్లమ్మ పేరు మీద ఆయన పెట్టిన ధర్మనిధే మా ట్రస్టు. ఊళ్లో సేవ చేసే చిన్న సంస్థలకు ఏడాదికొకసారి గ్రాంటు ఇస్తుంది. వచ్చిన దరఖాస్తులకు జల్లెడ పట్టడం నా పని. రెండేళ్లుగా ఆ పని చేసీ చేసీ, ఫారం చూస్తే చాలు మనిషెలాంటివారో చెప్పేయగలనన్న గర్వం నాకు బాగానే పెరిగింది.

"పద్నాలుగో ప్రశ్న చూడండి" అని ఫారం ఆమె వైపు తిప్పాను. "సాయం పొందేవాళ్ల దగ్గర డబ్బు గానీ వస్తువు గానీ తీసుకుంటారా అని ఉంది. మీరు 'అవును' అని టిక్ పెట్టినారు. ఫీజు తీసుకునే సంస్థకు మేము ఇచ్చేదానికి లేదు."

"ఫీజు యాడ తీసుకుంటిమి? వచ్చే అవ్వ ఒక్కొక్కతి పిడికెడు బియ్యం తెస్తుంది. అంతే."

"అంతేనా! అయితే 'లేదు' అని మార్చి ఇచ్చేయండి. వచ్చే శుక్రవారం దాకా టైముంది, ఆరోజే బోర్డు మీటింగు. ఒక టిక్కే గదా."

చరిత నా వైపు చూసిన చూపుకు ఏసీ గదిలోనూ చెమట పట్టింది.

"తీసుకుంటా ఉండి, తీసుకోలేదని రాయాల్నా? ఏందండి ఇది? ఒకసారి వచ్చి చూడండి. చూసినాక కూడా వద్దంటే సరి, నేను ఇంకేమీ అడగను."

ఆమె వెళ్లిపోయాక ఫైళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. చూసి రావాలన్న తొందర నాకెందుకో ట్రస్టు పని కన్నా కొంచెం ఎక్కువగానే ఉంది.

మర్నాడే వెళ్లాను. తమిళం, తెలుగు కలగలిసిన ముత్తియాల్‌పేటలో స్కూటర్ పెట్టుకోవడానికి జానెడు చోటు దొరకడమే మహాభాగ్యం. మగ్గాలు ఎత్తేసిన ఒక పాత నేత షెడ్డులో నడుస్తోంది వాళ్ల కూటం. ఇంట్లో పలకరించే దిక్కులేని ముప్పై నలుగురు అవ్వలు పొద్దున పది గంటలకు వస్తారు. కబుర్లాడుతూ కూరలు తరుగుతారు, కలిసి తింటారు, ఎండ దిగాక ఇళ్లకు పోతారు.

వాకిట్లో ఒక డబ్బా ఉంది. పొన్నమ్మాళ్ అనే పెద్దావిడ కొంగు ముడి విప్పి, పిడికెడు బియ్యం అందులో వేసి, నన్ను ఎగాదిగా చూసింది.

"నీ పిడికెడు యాడ తంబీ?"

"నేను తినేదానికి రాలేదు పాటీ. ఆఫీసు నుంచి వచ్చినాను."

"ఆఫీసోళ్లకు ఆకలి కాదా?"

అవ్వలందరూ గొల్లున నవ్వారు. చరిత నవ్వు ఆపుకుంటూ నా చేతికి నీళ్ల జగ్గు ఇచ్చింది. బియ్యం తేలేనివాళ్లు ఏదో ఒక పని చేస్తే చాలట. ముప్పై నాలుగు గ్లాసుల్లో నీళ్లు పోసి నేను నా బాకీ తీర్చుకున్నాను.

అంతలో రాసాత్తి అనే అవ్వ ఒట్టి చేతులతో వచ్చి వాకిట్లోనే ఆగిపోయింది. వెనక్కి తిరగబోయింది కూడా. చరిత ఆమె చేతుల వైపు చూడనైనా లేదు.

"ఏం అవ్వా, ఇప్పుడా వచ్చేది? చిక్కుడుకాయలకు ఈనె తీసే మనిషి లేక నేను తల పట్టుకోని ఉండాను. రా, రా."

రాసాత్తి గబగబా లోపలికి వచ్చి పీట వేసుకుంది.

"ఊరికే పెట్టేస్తే ఏం పాయ?" అని గొంతు తగ్గించి అడిగాను. చరితను అడిగితే జవాబు పొన్నమ్మాళ్ చెప్పింది.

"ఊరికే పెట్టే చోట్లు శానా ఉండాయి తంబీ. ఆడ వరసలో నిలబడాల. ఈడ కూర్చుంటాము."

నేను రాసుకుంటున్న నోట్‌బుక్కు మూసేశాను. నా రెండేళ్ల గర్వం ఆ షెడ్డు నేల మీద చతికిలబడింది.

నన్ను పంపించడానికి బయటికి వచ్చినప్పుడు చరిత అసలు సంగతి చెప్పింది. ఇన్నాళ్లూ పప్పు, నూనె, గ్యాసు అన్నీ ఇచ్చిన సుందరమూర్తి గారు పోయిన నెల కాలం చేశారు. ఈ గ్రాంటు రాకపోతే తమిళ ఆడి మాసం ఆఖరుకు పొయ్యి ఆర్పేయాలి.

"వీళ్లకు ఇంకా చెప్పలేదు. యాడ చెప్పేది?" అంది. నాకు మొదటిసారి నా ఉద్యోగమంటే భయం వేసింది.

రిపోర్టు రాయడానికి ఒక్కసారి చూస్తే చాలు. నేను నాలుగు సార్లు వెళ్లాను. రెండోసారి ఫొటోలు సరిగా రాలేదన్నాను. మూడోసారి షెడ్డు కొలతలు కావాలన్నాను. నాలుగోసారి కారణమేదీ దొరకలేదు గానీ వాన దొరికింది. ఇద్దరం చూరు కింద నిలబడ్డాం.

"ఇంకా ఏం తెలియాలండి మీకు?" అంది చరిత, వాన చినుకులకు చెయ్యి పడుతూ.

"సాయంత్రం పూట మీరేం చేస్తారో తెలియాల."

"బ్లౌజులు కుడతాను. ఆ ప్రశ్న ఫారంలో ఎన్నోది?"

ఆమె వాన వైపు తిరిగి నవ్వుకుంది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది.

బుధవారం కూర్చుని రిపోర్టు రాశాను. పిడికెడు బియ్యం ఫీజు కాదని, అది ఆ ముసలివాళ్ల మర్యాద అని, గ్రాంటు తప్పక ఇవ్వాలని రాశాను. ఇంత మంచి రిపోర్టు నేనెన్నడూ రాయలేదు. చివరి పేజీకి వచ్చాను.

'దరఖాస్తుదారుతో నివేదిక రాసినవారికి బంధుత్వం గానీ వ్యక్తిగత ఆసక్తి గానీ ఉన్నదా?'

రెండేళ్లుగా కళ్లు మూసుకుని 'లేదు' అని టిక్ పెట్టిన ప్రశ్న అది. ఈసారి పెన్ను కదలలేదు. 'ఉంది' అంటే నా రిపోర్టు చెల్లదు, నేను కొట్టేసిన అప్లికేషన్ కొట్టేసినట్టే ఉండిపోతుంది. 'లేదు' అంటే పొయ్యి వెలుగుతుంది. కానీ తన కూటమే మూతపడేలా ఉన్నా అబద్ధం రాయనన్న మనిషి మీద ప్రేమతో నేను అబద్ధం రాయాలా? గంటసేపు కొట్టుమిట్టాడాను. 'ఉంది' అని పెట్టి, నేరుగా పెద్దనాయన చేతికే ఇచ్చాను.

"ఏందిరా ఇది? ఏం ఆసక్తి?"

"ఆ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలని ఉంది పెద్దనాయనా."

"ఆ పిల్లకు తెలుసునా?"

"లేదు."

"పిల్లకు చెప్పకుండా ట్రస్టుకు చెప్తావా? శానా బాగుండాదిరా!" ఆయన రిపోర్టు సొరుగులో పడేశారు. "ఇది చెల్లదు. పో."

ఆ సాయంత్రమే వెళ్లి చరితకు అంతా చెప్పాను, నా మనసుతో సహా. ఆమె ముఖం ఎర్రబడింది. సిగ్గుతో కాదు.

"ముందు వాళ్ల అన్నం. ఆమీట మీ మనసు. ఆ వరస కూడా తెలీదా మీకు?"

"లేదని రాయలేకపోయినాను చరితా."

"పోండి" అంది. వెళ్లాను. ఆ రెండు రోజులూ నేను ఏం తిన్నానో, ఎలా నిద్రపోయానో నాకు గుర్తులేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఉండబట్టలేక ముత్తియాల్‌పేటకు బయల్దేరాను. షెడ్డు ముందు పెద్దనాయన కారు ఉంది. లోపల ఆయన అవ్వల మధ్య నేల మీద కూర్చుని, ఆకులో చివరి మెతుకు దాకా తిని లేచారు. నన్ను చూసి వాకిట్లో ఆగారు.

"నీ రిపోర్టు చెల్లదురా. అందుకే నేనే రావాల్సి వచ్చింది. ఆ పద్నాలుగో ప్రశ్న రాసింది నేనే. అది తీసేస్తాము. గ్రాంటు సంగతి సాయంత్రం బోర్డులో నేను చూసుకుంటా" అని కారెక్కారు.

లోపల చరిత ఆకులు తీస్తోంది. వెళ్లి నేను కూడా పక్క వరసలో తీయడం మొదలుపెట్టాను. సగం వరస అయ్యాక చరితే మాట కదిపింది.

"మీ పెద్దనాయన రెండు గంటలు కూర్చున్నారు. అవ్వలను వంద అడిగినారు. నన్ను మాత్రం ఒకటే అడిగినారు."

"ఏమని?"

"మీ చివరి పేజీలో ఉండే ప్రశ్నే. మావాడి మీద నీకు వ్యక్తిగత ఆసక్తి ఉందా, అని."

నా చేతిలో ఆకు జారిపోయింది. "మీరేం చెప్పినారు?"

చరిత వంగి ఆ ఆకు తీసింది. కళ్లెత్తకుండానే చెప్పింది.

"ఉంది అని చెప్పినాను. నువ్వు ఆ మూల ఆకులు కూడా తీయి."