డ్రాయర్‌లో దాచిన ఇయర్‌ఫోన్స్

“ఇవీ డబ్బానే!” అంటూ ఇయర్‌ఫోన్స్ కౌంటర్ మీద పడేసింది ఆ అమ్మాయి. మూడు రోజుల్లో ఇది మూడో జత.

“మళ్లీనా అండీ?” అన్నాడు షాపు నడిపే మనవాడు, ఎక్కడలేని జాలి ముఖంలోకి తెచ్చుకుని. లోపల మాత్రం గంతులేస్తున్నాడు.

“బేస్ అదరగొట్టేస్తోంది. రికార్డు చేసిన గొంతు బరువుగా వినిపిస్తోంది కదా అని తగ్గిస్తానా, తీరా స్టూడియోలో వింటే పీలగా ఉంటోంది. స్టూడియోవాళ్లు ఒకసారి వద్దనేశారు. రేపు ఇచ్చే శాంపిల్ కూడా ఇలాగే ఉంటే నాకు రావాల్సిన సౌండ్ ఎడిటర్ ఉద్యోగం గోవిందా! ఉన్నదున్నట్టు వినిపించేవి, చవకలో, ఒక్కటంటే ఒక్కటి లేవా మీ దగ్గర?”

ఉన్నాయి. మొదటిరోజు నుంచీ ఉన్నాయి. చూడ్డానికి సాదాసీదాగా ఉంటాయి కానీ సౌండ్‌లో ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. అవి ఇచ్చేస్తే ఆమె మళ్లీ రాదని డ్రాయర్‌లో దాచాడీ పెద్దమనిషి. ఉద్యోగం సంగతి ఇప్పుడే విన్నాడు. వినగానే చెయ్యి దానంతటదే డ్రాయర్‌లోకి వెళ్లింది.

“ఇవి చూడండి. మొన్న వారంటీ కార్డు చదివి మీ ఫోన్‌లో రికార్డు చేశాను కదా, నా గొంతుతో పోల్చుకుంటారని? అదే పెట్టండి.”

ఆమె వింది. కళ్లు ఇంతయ్యాయి. “అబ్బ! మీరు పక్కన నిలబడి చదువుతున్నట్టే ఉంది!”

మనవాడికి నేల మీద కాలు నిలవలేదు. అంతలో ఆమె నవ్వు ఆగిపోయింది. ఒక ఇయర్‌ఫోన్ తీసి అతని చెవిలో పెట్టింది.

ఆ రోజు చదవడం పూర్తయ్యాక రికార్డింగ్ ఆపడం మరిచిపోయాడు పాపం. ఆమె అటు ఫోన్ కవర్లు చూస్తుంటే, బిల్లు కౌంటర్‌లోంచి వాళ్లక్క గుసగుస: “ఒరేయ్, మంచివి దాచిపెట్టుకుని ఆ పిల్లకి డబ్బావి ఇస్తావేంట్రా?” వెంటనే తన గొంతు: “ష్! అవి ఇచ్చేస్తే మళ్లీ రాదక్కా!”

నిన్నటిదాకా బేస్ మోతలో మునిగిపోయిన మాటలవి.

“నా ఉద్యోగంతో ఆటలా?” అంది ఆమె.

“తప్పయిపోయిందండీ. ఉద్యోగం సంగతి తెలీదు. మీరు రావాలని... మీరంటే ఇష్టమని...” లెంపలు వేసుకున్నాడు.

ఆ జత బ్యాగులో పడేసుకుని, బయట జోరున వాన పడుతున్నా ఆగకుండా వెళ్లిపోయింది.

వారం గడిచింది. తలుపు చప్పుడైనప్పుడల్లా లేవడం, ఉసూరుమంటూ కూర్చోవడం. “ఒకచోట కూర్చోరా, నీకు దండం పెడతాను!” అంది అక్క.

ఎనిమిదో రోజు ఆమె వచ్చింది.

“ఉద్యోగం వచ్చింది. ఇది నిన్న ఇంట్లో రికార్డు చేశాను, వినండి.”

కంగారులో చేతికందిన ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. అందులో ఆమె వారంటీ కార్డు చదువుతోంది!

“మీ గొంతు చాలా బాగుందండీ.”

“వాటితో కాదు. మీరు దాచినవాటితో వినండి,” అంటూ బ్యాగులోంచి తీసిచ్చింది.

మళ్లీ విన్నాడు. చిట్టచివర, ఎక్కడో వంటింట్లోంచి ఒక పెద్దావిడ గొంతు: “వారం నుంచీ తిడుతూనే అతని కబుర్లే చెబుతున్నావు, ఆ షాపబ్బాయిని ఎప్పుడు తీసుకొస్తావే? మీ నాన్న కూడా అడుగుతున్నారు.” ఆ తర్వాత మెల్లగా ఈమె గొంతు: “ముందు అతన్ని అడగాలిగా అమ్మా! రేపు వెళ్తున్నా.”

తలెత్తాడు. ఆమె గోడకు వేలాడే చార్జర్లను తెగ శ్రద్ధగా చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

“ఏం వినిపించింది?”

“ఇంకోసారి వినాలండీ.”

ఈసారి అక్క గుసగుసలాడలేదు. షాపంతా మారుమోగేలా అరిచింది: “దారిలో వినొచ్చు, ముందు వాళ్లింటికి బయల్దేరరా!”