బొట్టు పెట్టుకున్న పెన్‌డ్రైవ్

"దొరికిన పెన్‌డ్రైవ్ పెట్టారా, వైరస్ ఖాయం. అదే రాన్సమ్‌వేర్ అయితే ఫైళ్లన్నిటికీ తాళం పడుతుంది. తీయాలంటే డబ్బు కట్టమంటారు!"

పీణ్య పారిశ్రామికవాడలోని ఆ మెషిన్ షాప్‌లో కంప్యూటర్ భద్రత మీద నేను క్లాసు పీకుతుంటే, వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది.

"లలిత్ సార్, మీ లిస్టులో నా పేరు మొదట ఎందుకుండాది?"

సహన. మెషిన్లకు ప్రోగ్రాములు రాస్తుంది. పోయిన వారం నాలుగు పెన్‌డ్రైవులు వాళ్లను పరీక్షించడానికి ఆవరణలో నేనే పడేశాను. ఎవరు కంప్యూటర్‌కి పెడితే వాళ్ల పేరు నాకు చేరుతుంది. ఆ పేర్లతో నా రిపోర్ట్ అందగానే ఆమెను కంప్యూటర్ పని నుంచి తప్పిస్తానని ఓనరు హేమంత్‌కుమార్ ముందే చెప్పేశారు.

"మొదట పెట్టింది మీరే కాబట్టి."

"మీరు పడేసింది ఏ దినమప్పా? ఆయుధపూజ దినం! స్పానర్లు, డ్రిల్లులు, మా పెన్‌డ్రైవులు, అన్నిటికీ బొట్టు పెడతాం. మీదాన్నీ ఎవరో తెచ్చి పూజలో పెట్టినారు. బొట్టుండాది కదా, మాదే అనుకుంటి. వైరస్ బొట్టు పెట్టుకోని వస్తుందా?"

హాలంతా నవ్వులు. నేను మాత్రం బిగుసుకున్నాను.

"సారీ మేడమ్. స్కాన్ చేయకుండా ఏదీ పెట్టకూడదు. రిపోర్ట్ మారదు."

"తప్పు ఒప్పుకుంటా. ఆరేండ్ల పని ఒక్క తప్పుకి లాక్కుంటే మాత్రం ఊరుకోను!"

క్లాసయ్యాక నా టేబుల్ మీద ఒక పెన్‌డ్రైవ్ కనిపించింది. తడి ఆరని కుంకుమ బొట్టు, పక్కన 'సహన' అని చీటీ. లాప్‌టాప్‌కి పెట్టాను. లోపల ఒకే ఫైలు: "స్కాన్ చేసినారా సార్?"

తలెత్తితే, గుమ్మంలో చేతులు కట్టుకుని ఆమె.

"మీ పేరు చూసి పెట్టాను," అన్నాను.

"నేనూ అంతే గదా! మావాళ్లదని నమ్మితి."

రిపోర్ట్ తెరిచి, లిస్టులో ఆమె పేరుకు పైన నా పేరు టైప్ చేశాను. 'ఇద్దరికీ మళ్లీ క్లాసు చాలు. సహనను పని నుంచి తప్పించవద్దు' అని కింద రాసి, ఆమె చూస్తుండగానే ఓనరుకు పంపేశాను.

"మీ ఆఫీసులో మీ మీద అరవరా?"

"అరవనీండి. ఈ ఉద్యోగంలో చేరాక స్కాన్ చేయకుండా నమ్మింది మిమ్మల్నొక్కరినే. మళ్లీ నమ్మాలనే ఉంది."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. పెన్‌డ్రైవ్ లాగి, వేలికంటిన కుంకుమను నా లాప్‌టాప్ మూతకు అద్దింది.

"మీ ఆయుధానికి పూజ కాలేదు గదా," అంది. "ఇంక ఇదీ మాదే."