హిమపేటిక నుదుటి మీది గుర్తులు

గంధవాటిక రాజ్యం ఒకప్పుడు పేరుకు తగ్గట్టే ఘుమఘుమలాడేది. కాని ఈ కథ జరిగిన వేసవిలో మాత్రం, ఆ ఊరి పొలిమేర తొక్కగానే బాటసారులు ముక్కు మూసుకుని వెనుదిరిగేవారు. కాచకముందే పాలు విరిగిపోయేవి. పెరుగు మీద పచ్చని బూజు పేరుకునేది. చేపల గంపలపై ఈగలు నల్లని దుప్పటిలా ముసిరేవి. ఎవరింట చూసినా ముక్కుకు గుడ్డ కట్టుకున్న మనుషులే.

దీనికంతటికీ కారణం హిమపేటిక. అది కోట నడుమ ఉన్న ఒక మాయగది. రాజుగారి తాత కాలంలో తుహినుడనే యక్షుడు దాన్ని కట్టి ఇచ్చాడు. బయట ఎంత ఎండ మండినా లోపల మాఘమాసపు చలి ఉండేది. ఊరివాళ్ళంతా పాలు, పండ్లు, చేపలు అందులోనే దాచుకునేవారు. తలుపు నుదుటన ఒక వెండిరేకు ఉండేది. ఆ వేసవి మొదట్లో దాని మీద పాము మెలికలాంటి గీత ఒకటి నీలంగా వెలిగి ఆరి, వెలిగి ఆరి భయపెట్టసాగింది.

"ఇది సర్పశాపం," అన్నాడు ఆస్థాన జ్యోతిష్కుడు శంఖపాలుడు. మణిధర మహారాజు అతడి మాట మీద వెంటనే తలుపుకు పసుపు పూయించాడు, అంచుల నిండా పూలదండలు చుట్టించాడు. మర్నాటికి పాముగీత పక్కనే సగం తెరిచిన కన్నులాంటి మరో గుర్తు వెలిగింది. రాజు మరీ బెదిరిపోయి వెండిరేకు మీద పట్టుగుడ్డ కప్పించాడు.

రాజుగారి పెద్దకూతురు వకుళకు అసహ్యం ఎక్కువ. అన్నంలో వెంట్రుక కనబడితే ఆ పూట ఆమెకు పస్తే. అలాంటి పిల్ల ఆ కంపును ఎన్నాళ్ళు భరిస్తుంది?

"నాన్నగారూ, గుడ్డ కప్పితే కంపు ఆగుతుందా?" అని అడిగింది.

"ఆగదు తల్లీ. కాని ఆ నీలి వెలుగు చూస్తే జనం జడుసుకుంటున్నారు. నాకూ భయంగానే ఉంది," అన్నాడు రాజు తల వంచుకుని.

ఇంతలో ఊళ్ళో పిల్లలకు ఎర్రజ్వరం సోకింది. వకుళ చెల్లెలు కేతకి కూడా మంచాన పడింది. ఆ జ్వరానికి చంద్రరసం ఒక్కటే మందు. దాన్ని హిమపేటిక చల్లగాలిలోనే మంచులా చల్లబరచి తాగిస్తే పని చేస్తుంది. వెచ్చగా తాగితే విషమే. వైద్యుడు మందుకుండను బావి పక్కన తడి ఇసుకలో పాతిపెట్టి, "అమావాస్య దాటితే ఇది కూడా కుళ్ళిపోతుందమ్మా. ఈలోగా పేటిక చల్లబడాలి," అన్నాడు.

గుర్తుల అర్థం తెలిసినవాడు తుహినుడొక్కడే. అతడు ఎప్పుడో అలిగి, కుళ్ళుకోన అడవికి అవతల ఉన్న శ్వేతశిఖరానికి వెళ్ళిపోయాడు. కుళ్ళుకోన పేరు వింటేనే సైనికులు ఉమ్మేసేవారు. వకుళ చెల్లెలి కాలుతున్న నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. తెల్లవారగానే కర్పూరపు మూట ముక్కుకు కట్టుకుని ఒంటరిగా బయలుదేరింది.

కుళ్ళుకోనలో చెట్ల నుంచి జిగురు కారుతోంది. అడుగు వేస్తే బురద చీమిడిలా సాగుతోంది. వకుళ ఒక మొద్దును పట్టుకుని వాంతి చేసుకుంది. ఆ మొద్దు కదిలింది! అది మొద్దు కాదు. ఒళ్ళంతా బురద అట్టకట్టి తపస్సు చేసుకుంటున్న జంబాలముని.

"నా భుజం మీద కక్కిన పుణ్యాత్మురాలెవరు?" అన్నాడు ముని కళ్ళు తెరవకుండానే.

వకుళ సిగ్గుతో చచ్చిపోయింది. "క్షమించండి స్వామీ! నేను కడుగుతాను," అంటూ దొన్నెతో ఊటనీళ్ళు తెచ్చి, ముక్కు మూసుకునే వీలు లేక రెండు చేతులతోనూ ఆయన ఒళ్ళు తోమింది. బురద పెళ్ళల కింద జలగలు వేలాడుతున్నాయి. పళ్ళు బిగబట్టి వాటినీ ఒక్కొక్కటే లాగి పారేసింది.

ముని కళ్ళు తెరిచి నవ్వాడు. "అసహ్యం మంచి కావలివాడమ్మా. కుళ్ళినదేదో ముందుగా చెప్తాడు. వాడి మాట విను. కాని వాడు పారిపొమ్మంటే మాత్రం పారిపోకు." అలా చెప్పి ఎదురుగా ఉన్న బురదమడుగు మీదికి చెయ్యి చాచాడు. బురద చీలి బాట ఏర్పడింది.

ఆ బాట ఒక కొండగుహ దగ్గర ఆగింది. గుహ నోటికి అడ్డంగా ఘటోదరుడనే రాక్షసుడు పడి మూలుగుతున్నాడు. వాడి పొట్ట చెరువులా ఉబ్బి ఉంది. ముక్కుల నుంచి, చెవుల నుంచి పచ్చని నీళ్ళు కారుతున్నాయి. ఒళ్ళు మాత్రం మంచుగడ్డలా చల్లగా ఉంది.

"ఒసే పిల్లా, నిన్ను తిందామని ఉందే. మింగుడు పడి చావట్లేదు!" అని ఏడ్చాడు వాడు.

"ఏమైంది నీకు?"

"ఏట్లో నీళ్ళు తాగుతుంటే ఏదో గొంతులో అడ్డం పడింది. అప్పట్నుంచి నీళ్ళు కిందికి పోవు, పైకి రావు. లోపల నిలవుండి మురిగిపోతున్నాయి. నా కంపు నాకే పడట్లేదే తల్లీ!"

వాడి నోరు తెరిపించి చూస్తే పళ్ళ సందుల్లో పాత ఎముకలు, నాలుక మీద నాచు. పారిపోదామని కాళ్ళు లాగాయి. కాని దారి వాడి వెనకే ఉంది. పైగా వాడు పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "నన్ను కొరికావంటే చూడు!" అని గదమాయించి, వకుళ భుజం దాకా చెయ్యి వాడి గొంతులోకి దూర్చింది. వేళ్ళకు మెత్తగా, జారుగా ఏదో తగిలింది. గట్టిగా పట్టి లాగింది. కుళ్ళిన ఎలుగుబంటి తల ఊడి వచ్చింది! వెనకే నీళ్ళన్నీ భళ్ళున బయటికొచ్చి ఆమెను తల నుంచి కాళ్ళ దాకా తడిపేశాయి.

ఆ క్షణాన వకుళకు వాంతి కూడా రాలేదు. ఒక చెట్టు కింద కూలబడి కాసేపు బోరున ఏడ్చింది. తరువాత చెలమలో ఒళ్ళు కడుక్కుని వచ్చింది. రాక్షసుడు ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి, భుజాన ఎక్కించుకుని శ్వేతశిఖరం మీద దించాడు.

శిఖరం మీద మంచు తప్ప మరేమీ లేదు. తుహినుడు తళతళలాడే మంచుపీట మీద కూర్చుని ఉన్నాడు. వకుళ చెప్పిందంతా విని మొహం చిట్లించాడు.

"మీ మనుషులంటే నాకు రోత. పేటికలోని నీటిదారిని ఏడాదికోసారి కడగమని చెప్పాను. ఒక్కడూ కడగలేదు. చివరికి మామిడిటెంకలు, చేపపొలుసులు అందులోకే తోశారు. అందుకే వచ్చేశాను. పో!"

"మీకు రోత పుడితే వచ్చేశారు. మా కేతకి ఎక్కడికి పోతుంది?" అంది వకుళ. "మీరు రావద్దు, ముట్టుకోవద్దు. కడిగేది నేను. ఆ గుర్తులేమిటో చెప్పండి, చాలు."

యక్షుడు ఆమె గోళ్ళ సందుల్లో ఇంకా వదలని మురికిని చూశాడు. అతడి మొహం కాస్త మెత్తబడింది.

"పాముగీత అంటే ఏమనుకుంటున్నావు?"

వకుళ ఆలోచించింది. ఉబ్బిన పొట్ట, మంచులాంటి ఒళ్ళు, కదలని నీళ్ళు గుర్తొచ్చాయి. "పాము కాదేమో... పారే నీరేమో. అది ఎక్కడో అడ్డుపడి, లోపలే గడ్డకడుతోందా?"

"అదే! ఆ మంచుగడ్డ చల్లగాలిని కదలనివ్వదు. అందుకే వస్తువులు కుళ్ళుతున్నాయి. సగం కన్ను అంటే తలుపు సరిగా పడలేదని. అది శాపమూ కాదు, కోపమూ కాదు. నోరు లేనిది తన నొప్పి చెప్పుకునే తీరు అంతే. తలుపు పక్కన చెక్కి ఉన్న సూర్యబింబాన్ని వేలితో అదిమి పెట్టు. పేటిక నిద్రపోతుంది. మంచు తనంతట తాను కరగాలి. ఇనుము మాత్రం తగలనివ్వకు. దాని గోడల్లో ప్రాణవాయువు పారే సన్నని నాళాలున్నాయి. ఒక్కటి చిట్లినా నేను కూడా బతికించలేను."

తుహినుడు పంపిన మంచుగాలి ఆమెను కోట ముందు దించింది. అప్పటికి అమావాస్య ముంచుకొచ్చింది. లోపల్నుంచి కేకలు వినబడ్డాయి. వకుళ పరుగెత్తింది. హిమపేటిక తలుపు తెరిచి ఉంది. లోపలి మంచుగడ్డను పగలగొట్టడానికి సైనికుడొకడు గునపం ఎత్తాడు.

"ఆగండి!" అని అరుస్తూ వకుళ గడ్డకు, గునపానికి మధ్య నిలబడింది. గునపం ఆమె చెవి పక్కగా నేలకు దిగింది.

"తల్లీ, తప్పుకో! ఇక వేళ లేదు," అన్నాడు రాజు. ఆయన కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

"ఇనుము తగిలితే పేటిక చచ్చిపోతుంది నాన్నగారూ! నన్ను నమ్మండి."

రాజు కూతురి మొహంలోకి చూశాడు. గునపం తీసుకుని అవతలికి విసిరేశాడు. వకుళ వెండిరేకు మీది పట్టుగుడ్డ లాగేసి, సూర్యబింబాన్ని అదిమింది. నీలి వెలుగులు ఆరిపోయాయి. తలుపులు బార్లా తెరిచి, కుళ్ళిన సరుకంతా బయటికి మోయించి పాతిపెట్టించింది. మంచు కరుగుతుంటే లోపలి వాసనకు సైనికులే పారిపోయారు. వకుళ నేల మీద బోర్లా పడుకుని, వెనక మూలనున్న బెజ్జంలో వేళ్ళు పెట్టి టెంకలు, పొలుసులు, మురిగిన వెంట్రుకల ఉండలు లాగింది. పక్కన చూస్తే బాల్చీ పట్టుకుని తండ్రే నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, వాసనకో మరి సిగ్గుకో.

చివరి అడ్డు తొలగగానే మురికినీరంతా గుడగుడమంటూ కిందికి పోయింది. ఉసిరిక, కుంకుడుకాయల నీళ్ళతో గోడలు కడిగి, వకుళ మళ్ళీ సూర్యబింబాన్ని అదిమింది. పేటిక సన్నగా మూలిగి మేలుకుంది. పాముగీత రాలేదు. సగం కన్ను మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది!

వకుళ తలుపు అంచు తడిమి చూసింది. ఎండిన పసుపు అట్టలు, పూలదండల దారాలు అక్కడే ఇరుక్కుని ఉన్నాయి. "ఇవే తలుపును పడనివ్వడం లేదు," అంది.

శంఖపాలుడు ఎర్రబడిన మొహంతో ముందుకొచ్చాడు. "కట్టించింది నేనమ్మా, తీసేది కూడా నేనే," అని తన ఉత్తరీయం తడిపి అంచంతా తుడిచాడు. తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. ఆ కన్ను కూడా ఆరిపోయింది.

సాయంత్రానికి పేటిక లోపల చలి పట్టింది. వైద్యుడు చంద్రరసం పెట్టి, గిన్నె మీద మంచుపొర కట్టాక తీశాడు. ఊళ్ళోని పిల్లలందరికీ తలా గుక్కెడు పట్టారు. వకుళ చెల్లెలి మంచం పక్కనే కూర్చుంది. తెల్లవారుజామున కేతకికి చెమట పట్టింది. కళ్ళు తెరిచి అక్కను వాసన చూసి, "ఛీ, అక్కా! నువ్వు స్నానం చేసి ఎన్నాళ్ళయింది?" అంది.

రాజు, వైద్యుడు, దాసీలు అందరూ పగలబడి నవ్వారు. వకుళ నవ్వుతూ ఏడుస్తూ చెల్లెల్ని గట్టిగా వాటేసుకుంది. కేతకి ఛీ ఛీ అంటూనే అక్క మెడ చుట్టూ చేతులు వేసింది.

మణిధర మహారాజు ఆ ఏడే కూతురికి పట్టం కట్టాడు. వకుళ రాణి చాలాకాలం రాజ్యమేలింది. తప్పు జరిగిందని చెప్పడానికి ఆమె కొలువులో ఎవరూ ఎన్నడూ భయపడలేదు. గంధవాటిక ప్రజలు వేసవి అంతా చల్లని మజ్జిగ తాగుతూ, ఏ జబ్బూ లేకుండా, కడుపు నిండా నవ్వుకుంటూ బతికారు.