అవతలి చక్రం

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి షట్టరు సగం ఎత్తి, వంగి షెడ్డులోకి వెళ్లాను. బయట సన్నగా వాన. లోపల ఎప్పటి వాసనే: గేరు నూనె, చెమ్మెక్కిన సిమెంటు, పాత సీటు గుడ్డ. కారు మధ్యలో ఉంది. నలిగిపోయిన ముందుభాగం మీద గోనెపట్టా కప్పి ఉంది. ఐదు నెలలుగా దాన్నెవరూ ముట్టుకోలేదు.

రేపు ముట్టుకుంటారు. కారు యజమాని తరఫున ఒక మెకానిక్కు వచ్చి వెనక ఇరుసు విప్పుతాడు. విప్పితే లోపల రబ్బరు సీళ్లు కనపడతాయి. కనపడితే నేను అబద్ధమాడానని తేలిపోతుంది. అందుకే వచ్చాను, పెద్దనాన్న అప్పట్లో కోసి ఉంచిన రెండు తోలు సీళ్లు జేబులో పెట్టుకుని.

సీలంటే తిరిగే ఇరుసు చుట్టూ ఉంగరంలా కూర్చుని నూనెని బయటికి రాకుండా ఆపే ముక్క. అరచేతిలో పడుతుంది. దాని గురించే నేనూ పెద్దనాన్నా వారం రోజులు కొట్టుకున్నాం.

"తోలు వేద్దాం," అన్నారాయన.

"ఇంకా నయం, ఎడ్లబండి కందెన పూద్దామనలేదు!"

"నవ్వు, నవ్వు. ఇరుసు చూశావా? తుప్పు తిని గుంటలు పడింది. రబ్బరు దాని మీద వారం బతకదు. తోలైతే ఆ గుంటలకి అలవాటు పడుతుంది, కొత్త కోడలు అత్తింటికి అలవాటు పడ్డట్టు."

"ఆ అలవాటు పడటమే కదా మన కొంప ముంచింది! పాతదానికి సర్దుకుపోకూడదు పెద్దనాన్నా, పాతదాన్ని బద్దలుకొట్టాలి."

"ఇరుసుకి నీ నినాదాలు వినపడవు నాయకురాలా."

ఆయన నన్ను అలాగే పిలిచేవారు. చివరికి నా పంతానికి దిగొచ్చారు. "సరే, రబ్బరే వెయ్యి. కానీ ముందు ఇరుసుకి ఉక్కు తొడుగు వేయించు. నున్నగా ఉంటేనే రబ్బరు నిలుస్తుంది," అన్నారు. ఆయనతో తొమ్మిదేళ్లు పనిచేశాను. నా మాట గెలవడం అదే మొదటిసారి.

తొడుగు వేసే లేతు మిషను పనివాడు గురువారం రమ్మన్నాడు. కారు బుధవారం రోడ్డెక్కాలి. ఇరుసుని గోటితో తడిమాను. గోరు గుంటల్లో దిగింది. దిగిందని నాకు తెలుసు. అయినా రబ్బరు సీళ్లు బిగించేశాను. "తొడుగు వేయించావా?" అని ఆయన అడిగితే తలూపాను.

చూడలేదాయన. నమ్మారు.

అది బ్రేకులు వెనక చక్రాలకి మాత్రమే ఉన్న కాలం నాటి కారు. కారిన నూనె బ్రేకుల్లోకి ఇంకింది. మూడో రోజు దిగుడు రోడ్డు చివర, గోడ. కారులో పెద్దనాన్న ఒక్కరే.

"సీలు ఏది వేశారమ్మా?" అని తనిఖీకి వచ్చిన అధికారి నన్ను అడిగాడు.

"తోలు," అన్నాను. "ఆయన పట్టుబట్టారు. నేను వద్దన్నాను."

అందరూ నమ్మారు, ఆయన తోలు పిచ్చి తెలియనివాళ్లెవరు? పెద్దమ్మ కూడా నమ్మింది. "మొండి మనిషి, ఆ మొండితనమే మింగేసింది," అంది. ఏడవటం కూడా కోపంగానే ఏడ్చింది. ఆయన స్పానర్లన్నీ మూటగట్టి అటకెక్కించింది. ఇప్పుడు ఆయన పేరెత్తితే లేచి వెళ్లిపోతుంది. నలభై ఏళ్ల కాపురాన్ని నేను రెండు ముక్కలతో తుడిచేశాను.

'నిజం దాచేవాడు దొంగకి తోడు' అని గోడల మీద ఎర్రరంగుతో రాసిన చెయ్యి ఇది. లోకంలో ప్రతి యజమానినీ, ప్రతి అధికారినీ వేలెత్తి చూపించిన చెయ్యి. నా దాకా వచ్చేసరికి ఆ వేలు మడుచుకుపోయింది.

జాకీ పెట్టి కారు వెనకభాగం లేపాను. కింద దిమ్మలు పెట్టాను. ఎడమ చక్రం ఊడదీశాను. ఇరుసు చివర మూతకి ఆరు నట్లు. అక్కడే వచ్చింది చిక్కు. ఇరుసు ఒకవైపు తిప్పితే అవతలి చక్రం వెనక్కి తిరుగుతుంది. అవతల ఎవరైనా గట్టిగా పట్టుకుంటే తప్ప ఇవతల నట్టు వదలదు. ఎప్పుడూ అవతల పెద్దనాన్న ఉండేవారు. నేనొక నట్టు విప్పగానే చక్రం కాస్త తిప్పి, తర్వాతి నట్టుని నా చేతి కిందికి తెచ్చేవారు. నేను అడగాల్సిన పనే ఉండేది కాదు.

స్పానరు పెట్టి లాగాను. నట్టు వదల్లేదు. ఇరుసంతా స్పానరుతో పాటే తిరిగిపోయింది. అవతలి చక్రం కింద చెక్క దోపి వచ్చాను. చెక్క జారిపోయింది. మళ్లీ లాగాను. మళ్లీ తిరిగింది. అంతలో కరెంటు పోయింది. ఛార్జింగ్ దీపం వెలిగించుకుని కింద కూర్చున్నాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇంకోసారి లాగాను.

ఇరుసు కదల్లేదు. బండలా నిలబడింది. నట్టు కిర్రుమని వదిలింది.

హమ్మయ్య, జారిన చెక్కే ఎక్కడో పట్టుకుందనుకున్నాను. నట్టు తీసి పళ్లెంలో వేశాను. స్పానరు ఎత్తేలోగా ఇరుసు దానంతటదే కదిలింది... మెల్లగా... ఆరో వంతు. రెండో నట్టు నా చేతి కిందికి వచ్చి ఆగింది.

బరువు తేడా వల్ల తిరిగిందేమో. ఏదైనా కావచ్చు. దెయ్యాలు భూస్వాముల కట్టుకథలని నేనే కదా ఉపన్యాసాలిచ్చింది. రెండో నట్టు విప్పాను. మళ్లీ ఆరో వంతు. మూడోది విప్పాను. మళ్లీ.

కారు కింద నుంచి అవతలికి చూశాను. అవతలి చక్రం. దాని కింద నేను దోపిన చెక్క దూరంగా పడి ఉంది. చక్రం వెనక చీకటి. నూనె వాసన కాదు... వెచ్చబెట్టిన నూనెలో నానిన తోలు వాసన.

"ఎవరు?"

నాలుగో నట్టు నా కోసం ఎదురుచూస్తోంది.

లేచి పారిపోవాలి. పారిపోతే రేపు నిజం బయటపడుతుంది. కూర్చున్నాను. నాలుగు. ఐదు. ఆరు. ప్రతిసారీ అవతల ఆ పట్టు. ప్రతిసారీ ఆ ఓపిక. నా చెంపల మీద కారుతున్నది చెమటో ఏమిటో నాకు తెలీదు.

"చాలు పెద్దనాన్నా," అన్నాను గుసగుసగా. "సాయం చెయ్యకండి. తిట్టండి."

అవతలి చక్రాన్ని పట్టుకున్నది వదిలేసింది. చక్రం ఊగి ఆగింది.

మూత లాగాను. ఇరుసు బయటికి వచ్చింది. లోపల దీపం పెట్టి చూశాను.

రబ్బరు లేదు.

తోలు. చేత్తో కోసిన తోలు. అంచు నున్నగా, నూనెతో మెరుస్తూ, ఇరుసు గుంటల అచ్చు పడి... ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు.

కుడివైపు ఎలా విప్పానో గుర్తులేదు. అక్కడా తోలే. జేబు తడిమాను. నేను తెచ్చినవి రెండూ జేబులోనే ఉన్నాయి.

"ఎవరే లోపల?"

పెద్దమ్మ. గొడుగు మడుస్తూ షట్టరు కింద నుంచి వంగి వచ్చింది. నా చేతిలోని సీలు చూసి ఆగిపోయింది. తీసుకుంది. వేళ్లతో తిప్పింది.

"ఆయన కోతే ఇది," అంది. "తోలే వేశాడన్నమాట. నువ్వు చెప్పినా ఏదో ఒక మూల ఆశ ఉండేది... అంత మొండిగా చచ్చిపోయి ఉండడని."

"కాదు పెద్దమ్మా." ఒక్కో మాటా గీరుకుంటూ వచ్చింది. "నేను వేసింది రబ్బరు. ఆయనకి తెలీదు. తప్పు నాది. నేను అబద్ధం..."

పెద్దమ్మ నా తల నిమిరింది. ఐదు నెలల్లో మొదటిసారి ఆమె చెయ్యి మెత్తగా ఉంది.

"పోయినవాణ్ణి కాపాడాలని నీమీద వేసుకోకు తల్లీ. కళ్లముందే ఉందిగా."

"ప్రమాణంగా చెప్తున్నా..."

"చాలు. రేపు వచ్చేవాడూ ఇదే చూస్తాడు. దీంతో సరి." సీలు బల్ల మీదికి విసిరేసి వెళ్లిపోయింది. ఆయన పేరు మాత్రం ఎత్తలేదు.

ఇక నేను ఎవరికి చెప్పినా అంతే. సాక్ష్యం నా అబద్ధం వైపు నిలబడింది.

సీలు పడ్డ చోట, బల్ల చివర, పెద్దనాన్న వాడిన తోలు చుట్ట కనపడింది. విప్పి పరిచాను. సీళ్లు కోసిన చిల్లులు లెక్కపెట్టాను. జేబులో రెండు, ఇరుసువి రెండు. నాలుగుండాలి.

ఐదున్నాయి.

ఐదోది పెద్దది. గుండ్రంగా, ఒక్క కోతలో తీసింది. కోసిన అంచు తెల్లగా, కొత్తగా ఉంది. అందులోంచి తీసిన ముక్క షెడ్డంతా వెతికినా దొరకలేదు. చిల్లు చుట్టూ టేపు పెట్టి కొలిచాను. ముప్ఫైమూడు సెంటీమీటర్లు. అంత లావు ఇరుసు ఈ కారుకే కాదు, నేను చూసిన ఏ కారుకీ లేదు.

తర్వాత చొక్కా పై గుండీ విప్పి, అదే టేపుని మెడ చుట్టూ తిప్పాను. దీపం దగ్గరికి జరిగి అంకె చదివాను: ముప్ఫైమూడు.

టేపు తీసేశాను. మెడ చుట్టూ బిగువు మాత్రం అలాగే ఉంది.