బావిలో వేసిన వీధి

మా ఆఫీసు నేల కింద గది. కిటికీలు లేవు, సెల్ సిగ్నల్ రాదు. నగరంలో ఎవరు ఫోన్‌లో బటన్ నొక్కి సర్కారు అంబులెన్సును పిలిచినా ఆ పిలుపు మా యంత్రాల మీదుగానే వెళ్లాలి. అప్పుడప్పుడు గిట్టనివాళ్లెవరో లక్షల దొంగపిలుపులు ఒక్కసారిగా వదులుతారు. ఆ తొక్కిసలాటలో అసలు రోగి పిలుపుకు దారి దొరకదు. అందుకే దొంగపిలుపులు ఏ వీధి నుంచి వస్తుంటే ఆ వీధి మొత్తాన్నీ కాసేపు తెంపేస్తాం. ఆ పిలుపుల వరద తగ్గగానే తిరిగి కలపాలి. దీన్ని మేం 'బావిలో వేయడం' అంటాం.

ఆ మాట పుట్టించింది అక్క. సొంత అక్క కాదు, పక్క సీటు. అయినవాళ్లందరికీ దూరంగా పెరుగుతున్న నా పిల్లలకు పెద్దమ్మంటే ఆమే. అల్లరి చేస్తే, మీ వీధిని బావిలో వేయిస్తానర్రా అని బెదిరించేది. వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు.

పోయిన నెల దాడిలో ఆమె వీధే బావిలో పడింది. ఆ రోజు ఆమె ఆయాసంతో ఇంట్లో ఉంది. వరద తగ్గాక కూడా మేనేజరు ఆ వీధిని తీయలేదు. ఎవరో ఆఫీసు ఫోన్‌కు చేసి బతిమాలుతుంటే, ఆయన విసుగ్గా ఒకే మాట అన్నాడు.

"రిపోర్టు పంపాక తీద్దాంలే."

అవతల ఉన్నది అక్కేనని, ఆ రాత్రే పోయిందని నాకు మర్నాడు తెలిసింది. ఫోన్‌లో అంబులెన్సు బటన్ మీద ఆమె వేలు అలాగే ఉందట. రిపోర్టులో నష్టమేమీ లేదని రాసి ఆయన మెప్పు పొందాడు. నేను ఆయనకు రోజూ నమస్కారం పెడుతూనే ఉన్నాను.

మొన్న సాయంత్రం గదిలో మేమిద్దరమే. తెర ఎర్రబడింది. వరద... ఒక్క వీధి నుంచే. ఇంకా తరచి చూస్తే, ఒక్క ఫోన్ నుంచే.

అది అక్కదేనని చెప్పాను. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"బావిలో వెయ్యి."

వేశాను. ఆగలేదు.

యంత్రాల ఫ్యాన్ల హోరు మందగించింది. ఆగింది... మళ్లీ ఈడ్చింది... పిల్లికూతల ఊపిరిలా. అక్క ఖాళీ కుర్చీ వైపు నుంచి, ఆయాసానికి ఆమె రాసుకునే నీలగిరి తైలం వాసన.

మేనేజరు గుండె పట్టుకుని కూలబడ్డాడు.

"ఊపిరి... అందట్లేదు..."

నా తెర మీదున్న అంబులెన్సు బటన్ నొక్కాను. పిలుపు వెళ్లలేదు. తెర మీద, బావిలో కొత్తగా పడిన వీధి ఒకటి కనిపించింది. మా ఆఫీసుదే. నేను వేయలేదు.

తీయడానికి ఒక్క మీట చాలు. వేలు చాచాను. మణికట్టు మీద మంచుగడ్డలాంటి చెయ్యి పడింది. చెవి పక్కన గుసగుస.

"రిపోర్టు పంపాక తీద్దాంలే."

మేనేజరు నా వేలి వైపే చూస్తున్నాడు. ఆ చూపు నిలిచిపోయాకే పట్టు వదిలింది. వరద ఆగింది. ఫ్యాన్లు మామూలుగా తిరిగాయి.

అడిగిన వాళ్లందరికీ అదే చెప్పాను, చెయ్యి కదల్లేదని. భయానికి బిగుసుకుపోయి ఉంటుందన్నారు. పాపం అన్నారు.

ఇంటికొచ్చేసరికి చిన్నది బొమ్మ గీస్తోంది. పెద్దమ్మ ఊరెళ్లిందనే దానికి చెప్పాం. తలెత్తకుండానే అంది.

"అమ్మా, పెద్దమ్మ ఫోన్ చేసింది."

దాని పక్కన కూర్చున్నాను. "ఏమంది?"

"నీ చెయ్యి తను పట్టుకోలేదట. నీకు చెప్పమంది."